డ్రాయింగు మాస్టారి ఖాళీ రాయి

"ఏమ్మా, యాడున్నావ్? బండి మీద లేవుగా?"

ఫోనెత్తగానే మాస్టారి భార్య అడిగిన మొదటి మాట ఇది. మేమంతా ఆవిణ్ణి అమ్మగారనే పిలుస్తాం. "లేదమ్మగారూ, ఇంట్లోనే ఉన్నా, బియ్యం ఏరుకుంటున్నా" అన్నాను. "కూర్చునే ఉన్నావుగా?" అని ఇంకోసారి అడిగి, అప్పుడు చెప్పారు. "మీ మాస్టారు పోయారమ్మా. మధ్యాన్నం అన్నం తిని పడుకున్నారు. లేపితే లేవలా."

ఏళ్ళ తరబడి తోడున్న మనిషి పక్కగదిలో కదలకుండా పడుకుని ఉంటే, ఆవిడ ముందు నా బండి సంగతి కనుక్కున్నారు. ఆ అలవాటు మాస్టారు నేర్పిందే. కారంపూడిలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఆయన్ని ఎరిగిన ఇళ్ళలో ఫోను మాట్లాడే పద్ధతే వేరు. హలో ఉండదు, బాగున్నావా ఉండదు. ముందు "బండి ఆగిందా?" అని అడగాలి. ఆగిందంటేనే తర్వాతి మాట, లేదంటే పెట్టేయడమే. కొత్తవాళ్ళకు ఇది పెడసరంగా కనిపిస్తుంది. నా పెళ్ళయిన కొత్తలో మా ఆయనకు ఇలాగే ఫోను పెట్టేస్తే, అలిగాననుకుని సాయంత్రం జిలేబీ పొట్లం పట్టుకొచ్చాడు. జిలేబీలన్నీ తిన్నాకే నేను అసలు సంగతి చెప్పాను.

కారంపూడి హైస్కూల్లో ఆయన మాకు డ్రాయింగు చెప్పేవారు. డ్రాయింగు పీరియడంటే మా బళ్ళో లెక్కల మాస్టారు ఎత్తుకుపోయే పీరియడని అర్థం. దక్కిన రోజున మాత్రం పండగే. రంగు సుద్దల పెట్టె చంకలో పెట్టుకుని వచ్చి, ఒక్క మాటా మాట్లాడకుండా నల్లబల్ల మీద మా ఊరినే వేసేవారు. కొండ వేసేవారు, కాలువ వేసేవారు, మిరప కల్లం వేసి దాని మీద ఎర్ర సుద్ద నలిపి పొడి చల్లేవారు. ఘాటుకు తుమ్మొస్తుందేమో అన్నంత నిజంగా ఉండేది ఆ కల్లం.

ఆకాశం మాత్రం వేసేవారు కాదు. అలా వదిలేసేవారు. నల్లబల్ల కాబట్టి అది నల్లగానే ఉండిపోయేది. కింద పట్టపగలు, ఎండలో మిరపకాయలు, వాటి మధ్య నడుం వంచిన మనుషులు. పైన నల్లటి ఆకాశం. చూస్తూ ఉంటే కాసేపటికి మెడ వెనక చల్లగా అనిపించేది. "సార్, నీలం సుద్ద అయిపోయిందా?" అని నేనొకసారి అడిగాను. "అయిపోయిందమ్మా" అన్నారు. పెట్టెలో నీలం ముక్కలు కొన్నవి కొన్నట్టే ఉన్నాయి. అవి ఆయనకూ కనిపిస్తున్నాయి, నాకూ కనిపిస్తున్నాయి. నేను మళ్ళీ అడగలేదు.

ఆ నీలం సంగతి చాలా ఏళ్ళ తర్వాత అమ్మగారు చెప్పారు. మాస్టారికి ఒక తమ్ముడుండేవాడు. జీపు తోలేవాడు. ఊళ్ళోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. అన్నదమ్ములిద్దరూ ముచ్చటపడి చెరొకటి కొనుక్కున్నారు. ఒకరోజు ఇంటి తలుపులకు రంగు వేసుకుంటూ మాస్టారు తమ్ముడికి ఫోను చేశారు, వచ్చేటప్పుడు నీలం రంగు డబ్బా ఒకటి పట్టుకురమ్మని. తమ్ముడు జీపు తోలుతూనే మాట్లాడాడు. "లేత నీలమా, ముదు" అన్నాడు. అక్కడితో ఆగిపోయింది. గురజాల దారిలో కాలువ వంతెన దాటాక ఒక మలుపుంది. ఆ మలుపులో రాళ్ళ ట్రాక్టరు ఎదురొచ్చింది.

ఇవతల మాస్టారికి సిగ్నలు పోయిందని అనిపించింది. "ముదురు నీలం రా. హలో. ముదురుది. ఇనపడతందా? ముదురు నీలం" అని ఆయన చెబుతూనే ఉన్నారట. చేతిలో బ్రష్షు ఎండిపోయేదాకా చెబుతూనే ఉన్నారట. ఈ మాట చెప్పేటప్పుడు అమ్మగారు చెవి దగ్గర చెయ్యి పెట్టి చూపించారు. ఇప్పటికీ నేను నీలం తలుపు చూస్తే ఆ చెయ్యే గుర్తొస్తుంది.

ఏడాది తిరిగాక మాస్టారు ఆ మలుపు ముందర రోడ్డు పక్కన ఒక నాపరాయి పాతారు. మా పల్నాట్లో నాపరాయికి కొదవేముంది. ఇంటి నేలకు అదే, చేను కంచెకు అదే. పాలిష్ మిషను దగ్గర పక్కన పడేసిన అంచు విరిగిన పలక ఒకటి తెచ్చారు. దాని మీద తమ్ముడి పేరు రాయలేదు, ఊరు రాయలేదు. తెల్ల ఎనామిల్ రంగుతో "లేత నీలమా ముదు" అని మాత్రం రాశారు. బస్సులో పోయేవాళ్ళు చదివి, ఎవరో పిచ్చివాడు రాశాడని నవ్వుకున్నారు.

నవ్వినవాళ్ళలోనే కొందరు తర్వాత ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారు. ఆ దారిలో అలా ఫోను మాట్లాడుతూ పోయినవాళ్ళ తాలూకు మనుషులు వాళ్ళు. పోయినవాడితో ఆఖరిసారి మాట్లాడినవాళ్ళు. ఊళ్ళో పదిమందీ పోయినవాణ్ణి తలుచుకుని ఏడుస్తారు. ఫోనుకు ఇవతల ఉన్న మనిషి ఏమవుతున్నాడని ఎవరూ అడగరు. మాస్టారు అడిగేవారు. ఇంట్లో చాప వేసి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "ఆఖరున ఏమన్నాడు?" అని నెమ్మదిగా అడిగేవారు. ఏమంటే అదే రాసేవారు. ఒక రాయి మీద "వస్తన్నా" అని ఉంటుంది. ఇంకో రాయి మీద "ఇనపళ్ళా, మళ్ళీ చెప్పు" అని ఉంటుంది. ఊళ్ళో బళ్ళు బాగుచేసే మెకానిక్ బాబాయి కొడుకు ఏ మాటా అనలేదు. స్నేహితుడు ఏదో చెబితే పెద్దగా నవ్వాడు, అంతే. "నవ్వాడు సారూ, నవ్వతా నవ్వతా పొయ్యాడు" అన్నాడు మెకానిక్ బాబాయి. మాస్టారు చాలాసేపు ఆలోచించి ఆ రాయి మీద "హహహ" అని రాశారు.

ఒకామె తన భర్త ఆఖరి మాట "పిల్లలు జాగ్రత్త" అని చెప్పింది. మాస్టారు ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, అలాగే రాశారు. కొన్ని నెలల తర్వాత ఆమె మళ్ళీ వచ్చింది. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. గుమ్మంలోనే నిలబడి, లోపలికి రాకుండా చెప్పింది.

"అది అబద్ధం సారూ. ఆయన అట్టా అన్లా."

"మరేమన్నాడు తల్లీ?"

"ఉల్లిగడ్డలు ఎంతన్నావ్ అన్నాడు. సంతలో నుంచి నేనే ఫోను చేశా. ఆ మాట ఎవరికన్నా చెప్తే నవ్వుతారని..."

మాస్టారు నవ్వలేదు. "చచ్చిపోతన్నానని వాడికేం తెలుసమ్మా? తెలిస్తే గదా మంచి మాట చెప్పేది" అన్నారు. అప్పుడామె గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. మర్నాడు ఆయన థిన్నరు పెట్టి పాత మాట చెరిపేసి, "ఉల్లిగడ్డలు ఎంతన్నావ్" అని రాశారు. ఆ రాయి ముందు నేను ఇప్పటికీ కాసేపు ఆగుతాను. జాగ్రత్త అన్న మాట నన్ను అంత కదిలించేది కాదు.

"స్టీరింగు మీద తోలేవాడి చేతులే కాదమ్మా, ఫోను చేసినోడి చెయ్యి కూడా ఉంటది" అనేవారు మాస్టారు. పిల్లలకు చెప్పారు, పెద్దలకు చెప్పారు, బస్టాండులో ఫోను పట్టుకుని అరిచేవాళ్ళకూ చెప్పారు. సగం మంది చాదస్తమన్నారు. ఆయన పట్టించుకోలేదు.

ఇక మా ఆయన సంగతి. గురజాలలో ట్రాలీ ఆటో తోలతాడు. మిరప బస్తాలు, కూరగాయలు, పెళ్ళిసామాను, ఏదైనా వేస్తాడు. తోలినంతసేపూ ఫోనే. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించి, మెడ ఒక పక్కకు వంచి తోలీ తోలీ, అన్నం తినేటప్పుడు కూడా మెడ అలాగే పెడతాడు. మాస్టారి రాళ్ళు మోసేది కూడా తనే. ఒకసారి పలక దించుతూ ఉండబట్టలేక అన్నాడు. "మాస్టారూ, మీ రాళ్ళు చదువుకుంటా పోతే మాబోటోడు ఎదురు బండిని గుద్దుకుంటాడు. అప్పుడు ఆడి పేరు మీద ఇంకో రాయి."

నాకు ఒళ్ళు మండింది. మాస్టారు మాత్రం వెనక్కి తిరిగి రాళ్ళ వరస వైపు చూశారు. "నిజమే రా" అన్నారు. తర్వాత మనుషుల్ని పెట్టి రాళ్ళన్నీ పీకించి, పక్కకు తిప్పి పాతించారు. ఇప్పుడు అవి రోడ్డుకు సమాంతరంగా ఉంటాయి. తోలేవాడికి వరసగా బూడిదరంగు అంచులు తప్ప ఒక్క అక్షరం కనపడదు. కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళకే కనపడతాయి. తోలేవాడికి తెలియాలంటే పక్కనున్నవాళ్ళు చదివి వినిపించాలి, లేదా బండి ఆపుకుని దిగాలి.

వరసలో ఆఖరి రాయి ఒక్కటే రోడ్డుకు అడ్డంగా, వచ్చే బండికి ఎదురుగా ఉంటుంది. దాని మీద ఏమీ ఉండదు. చదవడానికి ఏమీ లేదు కాబట్టి దాన్ని తిప్పే పని లేకపోయింది. కొత్త రాయి వచ్చినప్పుడల్లా ఈ ఖాళీ రాయిని పీకి, మలుపు వైపు ఇంకాస్త జరిపి పాతేవారు. అది ఎప్పుడూ ఆఖరుదే. బళ్ళు తోలేవాళ్ళకు మిగతా వాటికంటే దాని భయమే ఎక్కువ. దాని నీడలో మేకలు పడుకోవని కాపరి చెబుతాడు. నేను అలాంటివి నమ్మే మనిషిని కాను. కానీ నేను చూసినప్పుడు కూడా మేకలు ఎండలోనే నిలబడి ఉన్నాయి.

ఒక వేసవిలో, వెలిసిపోయిన అక్షరాల మీద మళ్ళీ రంగు దిద్దడానికి వెళుతుంటే నేనూ మాస్టారి వెంట వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. రోడ్డు మీద ఒక్క బండి లేదు. ఆయన ఒక్కో రాయికీ రంగు దిద్ది, పూర్తవగానే దాని మీది మాట పైకి చదివేవారు. చదివి, కాసేపు ఆగేవారు. అవతలి నుంచి ఎవరో బదులిస్తారన్నట్టు తల కొంచెం వంచి ఆగేవారు. తర్వాతి రాయి దగ్గరికి జరిగేవారు. "వస్తన్నా" అని చదివి ఆగారు. "ఉల్లిగడ్డలు ఎంతన్నావ్" అని చదివి ఆగారు. "ఇనపళ్ళా, మళ్ళీ చెప్పు." ఆగారు. "హహహ."

అప్పుడు నాకు తట్టింది. ఆ రాళ్ళు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయి. ఒకరు వస్తున్నానంటే ఒకరు ధర అడుగుతున్నారు, ఒకరికి వినపడలేదు, ఒకరు నవ్వుతున్నారు. వాళ్ళెవరికీ ఒకరితో ఒకరికి పరిచయం లేదు. మనుషులు పోయిన వరసలో పాతిన రాళ్ళు అవి. ఎవరూ కూర్చి రాయలేదు.

ఖాళీ రాయి దగ్గరికొచ్చాక ఆయన రంగు డబ్బా కింద పెట్టారు. తువ్వాలు తడిపి, దుమ్ము లేకుండా పైనుంచి కిందికి తుడిచారు. మిగతావాటికి చేయని సేవ దానికి చేశారు.

"ఇది ఎవరిది సార్?" అన్నాను.

"ఎవరిదని అడగమాకమ్మా. అడిగితే ఎవరో ఒకళ్ళ మొహం గుర్తొస్తది."

అప్పటికే గుర్తొచ్చింది. మెడ ఒక పక్కకు వంచి, భుజం మీద ఫోను పెట్టుకుని నవ్వుతున్న మొహం. నేను గబుక్కున కాలువ వైపు చూశాను. మాస్టారు అది గమనించి, తువ్వాలు పిండుకుని డబ్బా చేతికి తీసుకున్నారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మా ఆయన పక్కన కూర్చుని ఆ దారినే వస్తున్నాను. మిరప ధర గురించి ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు. నేను కావాలని రాళ్ళు పైకి చదవడం మొదలెట్టాను. "ఆపవే నీ సోది, ఇనపడి చావట్లా" అన్నాడు. ఆ మాట అయీ కాకముందే మలుపులోంచి గేదెలు రోడ్డు మీదికొచ్చాయి. బ్రేకు తొక్కాడు. బండి అడ్డం తిరిగి, ఖాళీ రాయికి మూరెడు దూరంలో ఆగింది. ఫోను జారి సీటు కిందికి పోయింది. ఇద్దరం అలా కూర్చుండిపోయాం. సీటు కింద నుంచి గొంతు వస్తూనే ఉంది. "హలో. హలో. ఉన్నావా? ఏందయ్యా, ఉన్నావా?"

ఆ తర్వాత రెండు రోజులు మా ఆయన ఫోను ఇంట్లోనే పెట్టి వెళ్ళాడు. మూడో రోజు నుంచి మళ్ళీ మామూలే. ఒక్కటే మారింది. రాళ్ళున్నంత దూరం మాత్రం ఫోను జేబులో పెట్టి, మొహం పక్కకు తిప్పుకుని పోయేవాడు. మాస్టారి ఇల్లు కనిపిస్తే బండి నెమ్మది చేసేవాడు. నా మాట గాలికి పోయేది కానీ మాస్టారంటే జంకు ఉండేది. అందుకే మాస్టారు పోయారన్న కబురు విన్నప్పుడు నాకు దుఃఖంతో పాటు భయం కూడా వేసింది. ఇక మా ఆయన్ని ఆపేదెవరని దిగులు పడ్డాను. సిగ్గుపడకుండా చెబుతున్నాను, శవం పక్కన కూర్చుని నేను ఆలోచించింది అదే.

అక్కడికి వచ్చినవాళ్ళలో ఎవరో అమ్మగారిని అడిగారు, మాస్టారి ఆఖరి మాట ఏమిటని. ఆ ఇంట్లో ఆ ప్రశ్న రావడం సహజమే. "మజ్జిగలో ఉప్పెక్కువైందన్నారు" అన్నారావిడ. అని, కళ్ళు తుడుచుకుంటూనే నవ్వారు. మేమూ నవ్వాం. ఏడుస్తూ నవ్వడం ఎలా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక పాత విద్యార్థులందరూ కలిసి ఒక నిర్ణయం చేశారు. ఖాళీ రాయి మీద మాస్టారి పేరు రాయించి, దండ వేద్దామన్నారు. గౌరవంగానే అన్నారు, తప్పు పట్టడానికి లేదు. అందరం మలుపు దగ్గరికి వెళ్ళాం. అమ్మగారిని మా ట్రాలీలోనే తీసుకెళ్ళాం. మెకానిక్ బాబాయి తెల్ల రంగు డబ్బా, బ్రష్షు తెచ్చాడు. బళ్ళ నంబర్లు రాసే చెయ్యి ఆయనది.

"అది ఖాళీగా ఉండాలని గదా మాస్టారు అట్టా ఉంచింది" అన్నాను నేను.

"ఎవరికోసం ఉంచారో ఆయన చెప్పలా గదక్కా. ఇంక ఆయనకే రాద్దాం" అన్నాడు ఒకతను.

నేను అమ్మగారి వైపు చూశాను. ఆవిడ గట్టు మీద కూర్చుని, మొదటి రాయి వైపే చూస్తున్నారు. మెకానిక్ బాబాయి డబ్బా మూత తీసి, బ్రష్షు ముంచి, రాయి దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రాయి పై అంచు దగ్గర ఎడమ పక్కన బ్రష్షు ఆనింది.

"బాబాయ్, ఆగు."

మా ఆయన గొంతు. అంతసేపూ ట్రాలీ దగ్గరే, మొహం అటు తిప్పుకుని నిలబడ్డ మనిషి, జనంలోంచి దారి చేసుకుని వచ్చాడు. వచ్చి, ఎన్నడూ కన్నెత్తి చూడని ఆ రాయి మీద అరచెయ్యి పెట్టాడు.

"దీని మీద రాయమాకండి. ఇది నాది."

"నీదేందిరా?" అన్నాడు ఒక పెద్దాయన.

"నాదే. నేను రోజూ ఇట్నే పోతా. ఇది నన్నే చూస్తా ఉంటది. మీరు మాస్టారి పేరు రాస్తే నాది కాకుండా పోద్ది. అప్పుడు నేను మళ్ళీ ఫోను మాట్లాడతా పోతా. నా సంగతి నాకు తెలుసు."

నేను వెళ్ళి అమ్మగారి పక్కన కూర్చున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. మెకానిక్ బాబాయి మా ఆయన్ని ఎగాదిగా చూసి, కొడుకు రాయి వైపు ఒకసారి చూసి, బ్రష్షును గడ్డికి తుడిచేసి డబ్బా మూత బిగించాడు. దండను మొదటి రాయికి, అదే మాస్టారి తమ్ముడి రాయికి వేశారు. బ్రష్షు ఆనిన చోట ఖాళీ రాయి మీద ఒక్క తెల్ల చుక్క ఉండిపోయింది. దాన్ని ఎవరూ తుడవలేదు.

అమ్మగారిని కారంపూడిలో దించి మేం తిరుగు ప్రయాణమయ్యేసరికి చీకటి పడుతోంది. వంతెన దాటుతుండగా మా ఆయన జేబులో ఫోను మోగింది. తియ్యలేదు. "చదవవే" అన్నాడు. నేను కిటికీలోంచి చూస్తూ చదివాను. "లేత నీలమా ముదు." ఫోను మోగుతూనే ఉంది. "వస్తన్నా." "ఉల్లిగడ్డలు ఎంతన్నావ్." ఒక్కొక్కటీ వింటూ, నెమ్మదిగా తోలాడు. "హహహ" అయిపోయాక ఖాళీ రాయికి ఇవతల బండి పక్కకు తీసి, ఇండికేటరు వేసి, ఇంజను ఆపాడు. అప్పుడు ఫోను తీశాడు.

"బండి ఆగింది. చెప్పండి."

ఆ మలుపులో సిగ్నలు ఎప్పుడూ అంతంతమాత్రమే. అవతలి నుంచి గరగర తప్ప ఏమీ రాలేదు. అయినా మా ఆయన పెట్టేయలేదు. మెడ నిటారుగా పెట్టి వింటూ కూర్చున్నాడు. ఎదురుగా ఇండికేటరు వెలిగినప్పుడల్లా రాయి పసుపుపచ్చగా కనిపించి మళ్ళీ మాయమవుతోంది. దాంతోపాటే ఆ తెల్ల చుక్క కూడా, ఎవరో ఒక మాట మొదలుపెట్టబోయి ఆగినట్టు, కనిపిస్తూ మాయమవుతూ ఉంది.